అంజన్ కట్టిన గాజుపోగులు

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో నళిని వాళ్ల కళ్లద్దాల దుకాణం ఉంది. వాళ్ల తాత పెట్టింది. ఇప్పుడు అన్న ప్రహ్లాద్ నడుపుతున్నాడు. కింద దుకాణం, పైన ఇల్లు. నేనూ నళినీ ఇంటర్మీడియట్‌లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. నేను నాంపల్లిలో ఒక బడిలో లెక్కల టీచర్నయ్యాను. ఆమె గెలాక్సీల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త అయింది. ఆమె నాకు చెప్పినవీ నేను దగ్గరుండి చూసినవీ కలిపి ఇది రాస్తున్నాను. రాయనా అని అడిగితే చాలాసేపు ఆలోచించి సరే అంది. అంజన్ పేరు మాత్రం మార్చవద్దంది.

కళ్లద్దాల దుకాణంలో పుట్టింది కాబట్టి టెలిస్కోపుల మీదికి మనసు పోయిందని అందరూ అనేవాళ్లు. అది నిజం కాదు. చిన్నప్పుడు ఆ దుకాణమంటేనే ఆమెకు విసుగు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక మాస్టారు ఆకాశం ఫోటోలు కొన్ని ఇచ్చి, వాటిలో గెలాక్సీలను గుర్తించమన్నారు. ఒక ఫోటో మూలన వేలిముద్ర పడ్డట్టు మసకగా ఏదో ఉంది. నళిని దాన్ని బట్టతో తుడవబోయింది. పోలేదు. మాస్టారు చూసి అది మరక కాదనీ అదీ గెలాక్సీయేననీ, మరీ పల్చటి వెలుగు కావడంతో ఎవరూ పట్టించుకోరనీ చెప్పారు. ఆ సాయంత్రం బస్సు దిగి తిన్నగా మా ఇంటికొచ్చి నళిని నాకు చెప్పిన మొదటి సంగతి అదే. మామూలు గెలాక్సీలో నక్షత్రాలు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లా కిక్కిరిసి ఉంటాయట. ఈ మసక గెలాక్సీల్లో ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి. అయినా అవి చెదిరిపోకుండా తిరుగుతూనే ఉంటాయి. వాటిని పట్టి ఉంచేది ఏదో ఉంది, అది కంటికి కనబడదు.

ఆ కనబడనిదాని కోసం బెంగళూరులో డాక్టరేట్ చేసింది. కొన్నాళ్లు విదేశంలో పనిచేసింది. తండ్రి పోయాక, వాళ్లమ్మను చూసుకోవాలని హైదరాబాద్ తిరిగొచ్చి, ఊరి చివర ఒక పరిశోధనా సంస్థలో చేరింది. లద్దాఖ్‌లో ఒక కొండ మీది టెలిస్కోపుకు కొత్త పరికరం తయారుచేసే పని ఆమె చేతికి వచ్చింది అక్కడే.

ఆ పరికరం సంగతి ఆమె నాకు చాలాసార్లు విడమరిచి చెప్పింది. వెంట్రుక కన్నా కాస్త లావుగా ఉండే గాజుపోగులను వందల కొద్దీ తేనెపట్టులా ఒకచోట చేర్చి కడతారు. టెలిస్కోపులో గెలాక్సీ బొమ్మ ఆ పట్టు మీద పడుతుంది. గెలాక్సీలో ఒక్కొక్క చోటి వెలుగును ఒక్కొక్క పోగు పట్టుకుని అవతలి కొసకు తీసుకుపోతుంది. అక్కడ దాన్ని రంగులుగా విడదీస్తారు. రంగు ఎరుపు వైపు జరిగితే ఆ చోటు మన నుంచి దూరంగా పోతున్నట్టు, నీలం వైపు జరిగితే దగ్గరికి వస్తున్నట్టు. అలా గెలాక్సీ ఎంత వేగంగా తిరుగుతోందో తెలుస్తుంది. వేగం తెలిస్తే, కనబడని పదార్థం అందులో ఎంత ఉందో లెక్క కట్టవచ్చు. వినడానికి తేలికగానే ఉంది. ఒక్క పోగు విరిగినా, ఒక్కదాని కొస సరిగా నునుపు తేలకపోయినా బొమ్మలో అక్కడ చీకటే.

ఆ పోగులు కట్టడానికి సంస్థవాళ్లు ఇచ్చిన మనిషి అంజన్.

అంజన్‌ది నాంపల్లి, బజార్‌ఘాట్ గల్లీ. తండ్రి రాజమల్లు సిద్దిపేట వైపు నుంచి బతకడానికొచ్చి, నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసులో మూటలు మోసి, తర్వాత అక్కడే పర్మనెంట్ అయ్యాడు. తల్లి విజయమ్మ. ఒక్కడే కొడుకు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి సంస్థలో టెక్నీషియన్‌గా చేరాడు. నళిని కన్నా రెండేళ్లు చిన్న. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. పనిచేసేటప్పుడు మాట్లాడడు, పని అయ్యాక ఆపడు.

మొదటి ఏడాది వాళ్లకు పెద్ద దెబ్బ తగిలింది. ప్రయోగశాలలో చక్కగా వెలిగిన పోగులు చల్లటి చోట పెడితే మందగిస్తున్నాయి. కొండ మీదేమో ఎముకలు కొరికే చలి. ఎందుకిలా అవుతోందో పరీక్షించడానికి సంస్థలో ఉన్న శీతల పెట్టె పాడైంది, దాని భాగం రావడానికి నెలలు పడుతుందన్నారు. అప్పుడు అంజన్ ఒక మాటన్నాడు.

"మేడమ్, మొజంజాహీ మార్కెట్ల ఐస్‌క్రీమ్ దుకాణపాయన నాకెర్క. ఆయన ఫ్రీజర్ మన పెట్టెకన్నా మంచిగ పనిచేస్తది. అడుగుదమా?"

ఆమె నవ్వింది. కానీ మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వెళ్లారు. దుకాణపాయన వీళ్ల గాజుపోగుల చుట్టను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది కరిగేది కాదు కదా, నా సీతాఫలం ఐస్‌క్రీమ్‌కు వాసన పట్టదు కదా అని అడిగి ఒప్పుకున్నాడట. ఆ చలికాలమంతా దుకాణం తెరవకముందే వెళ్లి డబ్బాల మధ్య పోగులు పెట్టడం, ఇంకో చివర దీపం పెట్టి వెలుగు కొలవడం, ఎదురుగా ఇరానీ చాయ్ తాగి ఆఫీసు బస్సెక్కడం. తప్పు గాజుది కాదని, జిగురుదని తేలింది. చలికి జిగురు బిగుసుకుని పోగును పిండేస్తోంది. అంజన్ రకరకాల జిగురులు తెచ్చి, ఒక్కొక్కటీ పట్టించి చూసి, చివరికి ఎంత చలిలోనైనా మెత్తగా ఉండేదాన్ని పట్టుకున్నాడు.

ఆ చాయ్ దగ్గరే ఒకరోజు ఇన్ని తిప్పలు పడి ఆ గెలాక్సీలో ఏం చూస్తారని అడిగాడట. అందులో ఉన్నదాంట్లో చాలామటుకు కనబడదనీ, అదేమిటో తెలియాలనీ నళిని చెప్పింది.

"మా నాయిన జీతం లెక్కన్నమాట," అన్నాడు అంజన్. "వచ్చుడు ఎర్కైతది. ఏడ పోయిందో కనబడది."

ఆమె చాయ్ పొలమారేలా నవ్వింది. ఆ రోజు నుంచే అనుకుంటా అని నాతో అంది తర్వాత.

ఇద్దరి మధ్యా పెళ్లి మాట కుదిరాక నళిని ఇంట్లో చెప్పింది. వాళ్లమ్మ ఒక్కసారే మాట్లాడింది. పార్సిల్ ఆఫీసులో మూటలు మోసినాయన కొడుకు ఈ ఇంటి మెట్లెక్కితే తాను దిగిపోతానంది. అరవలేదు, ఏడవలేదు. అన్నం మానేసింది. ప్రహ్లాద్ చెడ్డవాడు కాదు. చెల్లెలిని విడిగా పిలిచి, అమ్మ ఉన్నన్నాళ్లు ఆగు నళినీ, ఆ తర్వాత నేనే దగ్గరుండి చేయిస్తా అన్నాడు. ఆ మరుసటి ఏడే తల్లికి పక్షవాతం వచ్చింది. మంచం మీద ఉన్న తల్లిని వదిలిపోవడం నళిని వల్ల కాలేదు. పగలు ప్రయోగశాల, పొద్దునా సాయంత్రం తల్లికి స్నానం, తిండి, మందులు. అలా ఏళ్లు గడిచాయి.

అంజన్ తన ఇంట్లో చెప్పనే లేదు. ఎందుకని నేనే ఒకసారి అతన్ని అడిగాను. నుమాయిష్ ఎగ్జిబిషన్ చూడ్డానికి ముగ్గురం వెళ్లాం అప్పుడు. మిర్చిబజ్జీ పొట్లం పట్టుకుని నిలబడి నెమ్మదిగా చెప్పాడు.

"మా అమ్మకు చెప్తే రేపే వాళ్లింటికి పోతదక్కా. మేడమ్ వాళ్లమ్మ ఒక మాట అంటది. గా మాట మా అమ్మ సచ్చేదాంక మర్వది. ఏమీ తెల్వకుంటేనే మంచిగుంటది."

విజయమ్మ సంబంధాలు చూస్తూనే ఉంది. ఇతను వద్దంటూనే ఉన్నాడు. ఒళ్లు బాగాలేదా, ఏమన్నా లోపమా అని కూడా అడిగిందట కన్నతల్లి. యూసుఫైన్ దర్గాకు మొక్కుకుంది, ఊర్లో ఎల్లమ్మకు మొక్కుకుంది. అంజన్ నవ్వేసి బయటికి పోయేవాడు.

నళిని వాళ్లమ్మ 2019 వానాకాలంలో పోయింది. ఏడాది దాకా శుభకార్యం కూడదన్నారు. ఏడాది తిరగక ముందే కరోనా వచ్చింది. అది సద్దుమణిగేసరికి పరికరం కొండకు పంపే వేళ అయింది. వాళ్లకు నలభై దాటాయి, ఇంకొన్ని నెలలకు ఏమైందిలే అనుకున్నారు. కొండ మీద బిగించి, మొదటి బొమ్మ తీసి వచ్చాక రిజిస్టర్ ఆఫీసులో దండలు మార్చుకుందామన్నారు. సాక్షి సంతకం నాది అని ముందే చెప్పి పెట్టారు. దిగి రాగానే అమ్మకు తనే చెప్తానని అంజన్ అన్నాడు.

నళిని కొండకు వెళ్లలేకపోయింది. అంతకు ముందు రెండుసార్లు వెళ్లింది కానీ, బీపీ వచ్చాక డాక్టర్లు అంత ఎత్తుకు వద్దన్నారు. 2022 అక్టోబరులో అంజన్, నళిని దగ్గర పరిశోధన చేస్తున్న హైందవి అనే అమ్మాయి, ఇంకో ఇంజినీరూ కలిసి వెళ్లారు. లేహ్‌లో వారం ఉండి ఒళ్లు అలవాటు చేసుకుని పైకెక్కారు. ఊపిరి సగమే అందే చోటు అది. పోగులన్నీ ఒక్కటి కూడా విరగకుండా బిగించాడు. మొదటి బొమ్మకు నళిని ఎమ్మెస్సీలో బట్టతో తుడవబోయిన ఆ గెలాక్సీనే ఎంచుకున్నారు.

తెల్లవారాక ఫోన్ చేశాడు. నళిని సంస్థలో కంప్యూటర్ ముందే ఉంది.

"బొమ్మ వచ్చిందా?"

"వచ్చింది. పోగులన్నీ వెలుగుతున్నయి అంజన్."

"అన్నీనా?"

"అన్నీ."

తర్వాత దగ్గాడు. ఆ దగ్గేమిటని ఆమె అడిగింది. చలికి దగ్గు రాదా మేడమ్ అన్నాడు. దగ్గులో తడి ఉంది. ఈ రోజే కిందికి దిగమని ఆమె గట్టిగా చెప్పింది. సాయంత్రం దాకా అమరికలు చూసుకుని రేపు పొద్దున దిగుతానన్నాడు. కాదు, ఇప్పుడే దిగమంది. సరే దిగుత తియ్ అన్నాడు. దిగలేదు. మబ్బులు కమ్ముతున్నాయనీ, మంచు పడేలోగా టెలిస్కోపు మూత సరిచూడాలనీ ఆగాడు. సాయంత్రానికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఆక్సిజన్ పెట్టి జీపులో దించారు. మంచులో బండి నెమ్మదిగా వచ్చింది. లేహ్ ఇంకా దూరం ఉండగానే పోయాడు. హైందవి ఒడిలో తల ఉంది. పరికరం మీద మూత పెట్టిన్రా అని అడిగాడట. అదే చివరి మాట. ఆ అమ్మాయి పెట్టాం సార్ అంది.

శవపేటిక శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి బజార్‌ఘాట్‌కు వచ్చిన రోజు నేను నళినితోనే ఉన్నాను. సంస్థవాళ్ల వ్యానులో వెళ్లాం. గల్లీ నిండా జనం. సంస్థ తరఫున పూలదండ వేయడానికి పెద్దసారు ముందుకెళ్లాడు, వెనక మేం. రాజమల్లు గోడకానుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. విజయమ్మ పేటిక మీద పడి, మొఖం చూపియ్యున్రి, మొఖం చూపియ్యున్రి అంటోంది.

వాళ్లలో ఒక ఆచారం ఉంది. పెళ్లి కాని మగవాడు అలాగే వెళ్లిపోకూడదంటారు. ఒక పెద్దాయన ఆ మాట ఎత్తాడు. ఎవరో వెళ్లి జిల్లేడు కొమ్మ కొట్టుకొచ్చారు. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పసుపుతాడు అంజన్ చేతికి తాకించి ఆ కొమ్మకు కట్టారు. విజయమ్మను లేవదీసి అక్షింతలు ఇచ్చారు. ఆమె వేయలేకపోయింది. పక్కావిడ ఆమె చేయి పట్టుకుని వేయించింది.

నళిని నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. నా మణికట్టు పట్టుకుంది. ఆ రోజు పడిన గోళ్ల గాట్లు వారం దాకా మానలేదు. ఏడవలేదు. ఎవరో ఆడమనిషి వచ్చి, ఆఫీసు మేడమా, ఎండల నిలబడ్డరు, ఇట్ల నీడకు రాన్రి అని కుర్చీ వేసింది. నళిని కూర్చోలేదు.

ఆ తర్వాత ఏడాది పాటు ఆ బొమ్మ తాలూకు ఫైళ్లు ఆమె తెరవలేదు. సంస్థకు వెళ్లేది, కూర్చునేది, వచ్చేది. చదివే పిల్లలు ఏమన్నా అడిగితే చెప్పేది. ఇంటికొచ్చి, దుకాణం మూసేదాకా కింద కౌంటర్ పక్కన స్టూలు మీద కూర్చునేది. చిన్నప్పుడు విసుక్కున్న దుకాణంలోనే. ప్రహ్లాద్ ఏమీ అడిగేవాడు కాదు. ఒకరోజు మాత్రం, అమ్మ ఉన్నప్పుడే నేను గట్టిగా నిలబడితే బాగుండేదే అన్నాడు. ఇప్పుడెందుకన్నా అంది.

హైందవి ఒక్కతే కూర్చుని ఆ రంగుల లెక్కలు వేసింది. ఫలితం చాలా మంచిది. ఆ గెలాక్సీ అంచుల దాకా అనుకున్నదానికన్నా వేగంగా తిరుగుతోంది. అంత పల్చటిదాంట్లో అంత కనబడని పదార్థం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. కానీ వ్యాసం రాయడానికి నళిని సరే అనాలి, నళిని చదవాలి. ఆమె చదవలేకపోయింది. ఈలోగా వేరే దేశంలో ఇంకా పెద్ద టెలిస్కోపు ఉన్నవాళ్లు అదే గెలాక్సీని చూసి, అదే మాట ప్రచురించేశారు. యవ్వనమంతా వెంటబడ్డ సంగతి ఇంకొకళ్ల పేరు మీద వచ్చింది. అది తెలిసిన పొద్దున ఫోన్ చేసి చెప్పినప్పుడు ఆమె గొంతులో కోపం గానీ బాధ గానీ లేవు. హైందవికి అన్యాయం చేశానే, ఆ పిల్ల రెండేళ్ల కష్టం అంది. తన గురించి ఏమీ అనలేదు.

అప్పుడు మటుకు లేచింది. పరికరం ఎలా తయారైందో చెప్పే వ్యాసం తనే రాసింది. జిగురు సంగతి, చలి సంగతి అన్నీ రాసింది. మొదటి పేరు అంజన్‌ది పెట్టింది. పెద్దసారు కాస్త తటపటాయించి ఒప్పుకున్నాడు. అది అచ్చయిన వారంలో ఒక సాయంత్రం నా బడి గేటు దగ్గరకు వచ్చి నిలబడింది. బజార్‌ఘాట్ వెళ్దాం, వాళ్లమ్మకు చెప్పాలి అంది. ఏం చెప్తావన్నాను. ఉన్నది చెప్తానంది.

వెళ్లేసరికి విజయమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆఫీసు మేడమని గుర్తుపట్టి లేవబోయింది. నళిని వద్దని, ఆమె ఎదురుగా కింద కూర్చుంది. తల వంచుకుని మొదటి నుంచీ చెప్పింది. ఎన్నేళ్ల మాటో, ఎందుకు ఆగారో, అంజన్ ఎందుకు చెప్పలేదో. తన తల్లి అన్న మాట కూడా దాచలేదు. రాజమల్లు లోపల మంచం మీద నుంచి లేచి తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

విజయమ్మ చేట పక్కన పెట్టింది. మాట్లాడినప్పుడు గొంతు పెంచలేదు.

"నా కొడుకును నేను ఏమేమి అడిగిన్నో ఎర్కనా నీకు? మొగోనివేనారా నువ్వు అని గూడ అడిగిన. వాడు తల వంచుకొని పోయిండు. నువ్వు ఇయ్యాల వచ్చి చెప్తున్నవ్."

నళిని ఏదో అనబోయింది.

"జిల్లేడు కొమ్మకు కట్టిచ్చిన నా కొడుకును," అంది విజయమ్మ. "నువ్వు గాడ్నే నిలబడ్డవు. నేను జూసిన. ఒక్క అడుగు ముందటికి రాలే నువ్వు. పో. మల్ల గీ గడపకు రాకు."

మేం లేచి వచ్చేశాం. నాంపల్లి స్టేషన్ దాకా నడిచాం. ఆమె మాటలో ఏ ఒక్కటీ తప్పు కాదు కదా అంది నళిని. అప్పుడు ఏడ్చింది. జనం చుట్టూ తిరిగిపోతున్నారు, ఆటోలవాళ్లు పిలుస్తున్నారు, ఆమె స్టేషన్ ఎదుట రోడ్డు పక్కన నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. అంజన్ పోయాక ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదలు.

ఏడాది పైన గడిచింది. నళిని అటు వెళ్లలేదు. కొండ మీద పరికరం బాగా పనిచేస్తోంది, ఎక్కడెక్కడివాళ్లో దానితో గెలాక్సీలు చూస్తున్నారు. దానికన్నా పెద్దది కట్టే బాధ్యత తీసుకోమని సంస్థవాళ్లు అడిగితే నళిని వద్దంది. ఆ పని హైందవికి ఇప్పించింది. ఇంకోసారి ఎవరినీ కొండకు పంపలేనంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. కింద నుంచి ప్రహ్లాద్ పిలిచాడు. రాజమల్లు, విజయమ్మ వచ్చారు. మెట్లెక్కడానికి ఆమెకు కష్టమైంది. ఈ మెట్ల గురించి వాళ్లమ్మ అన్న మాట ప్రహ్లాద్‌కూ తెలుసు. తనే చేయి పట్టి ఎక్కించాడు. రాజమల్లు కుర్చీ అంచున కూర్చుని, మేడమ్, ఏమనుకోకున్రి, ఈమె నిద్రపోతలేదు, వాడు ఆడ ఏం జేసిండో అడుగుమని పానం దీస్తున్నది, నాకేమెర్క అన్నాడు. విజయమ్మ నళిని ముఖం చూడలేదు.

నళిని లాప్‌టాప్ తెచ్చి ఆ గెలాక్సీ బొమ్మ తెరిచింది. చిన్న చిన్న గుండ్రటి చుక్కలు తేనెపట్టులా అమరి ఉన్నాయి. ఒక పక్కవన్నీ ఎరుపు, ఇంకో పక్కవన్నీ నీలం, మధ్యలో లేత ఆకుపచ్చ. ఒక్కొక్క చుక్కా అంజన్ కట్టిన ఒక్కొక్క పోగు అని చెప్పింది. ఐస్‌క్రీమ్ దుకాణం సంగతి చెప్పింది. రాజమల్లు ఆ దుకాణం తనకు తెలుసన్నాడు. విజయమ్మ ముందుకు వంగి, చూపుడు వేలితో తెర మీద చుక్కలను ఒక్కొక్కటిగా తాకుతూ పోయింది. చివరిదాకా వెళ్లి, వేలు అక్కడే ఆపి అడిగింది.

"గిండ్ల వాడేడున్నడు?"

అన్నింటిలో ఉన్నాడని చెప్పవచ్చు. నేనైతే అదే చెప్పేదాన్ని. నళిని అబద్ధం చెప్పలేదు.

"ఏడా లేడమ్మా," అంది.

విజయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజమల్లు కిటికీ వైపు తిరిగాడు. నళిని ఆమెను తాకలేదు, నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. కాసేపటికి విజయమ్మ ముఖం తుడుచుకుని, ఆడ తిండి సక్కగ తినేటోడా అని అడిగింది. గుడ్లూ రొట్టే తినేవాడనీ, అంత ఎత్తున అన్నం ఉడకదని తిట్టుకునేవాడనీ నళిని చెప్పింది. అన్నం లేకుంటే ఉండలేడు వాడు అంది తల్లి.

"నిన్నేమని పిలుస్తుండె?"

"మేడమ్ అని."

"ఇంట్ల గూడనా?"

"మాకు ఇల్లే లేకుండె కదమ్మా," అంది నళిని.

విజయమ్మ అప్పుడు ఆమె ముఖంలోకి చూసింది. వచ్చిన తర్వాత అదే మొదటిసారి. వెళ్లేటప్పుడు, గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, రావాలనిపిస్తే రా అంది.

నళిని ఇప్పుడు వారానికోసారి బజార్‌ఘాట్ వెళ్తుంది. సాయంత్రం అబిడ్స్ నుంచి నడిచే వెళ్తుంది. కలిసి చిక్కుడుకాయలు వలుస్తారు, టీవీ చూస్తారు. అంజన్ చిన్నప్పటి ముచ్చట్లేమన్నా చెప్పారా అని నేనడుగుతాను. చెప్పలేదంటుంది. తానూ ఏమీ చెప్పదట. ఒకళ్ల దగ్గరున్నది ఇంకొకళ్లకు ఇస్తే అయిపోతుందేమోనని ఇద్దరికీ భయమనుకుంటా అంది ఒకసారి.

మొన్న జనవరిలో విజయమ్మకు జ్వరం ముదిరింది. రాజమల్లుకు మోకాళ్లు పట్టేశాయి, ఎక్కువ దూరం నడవలేడు. నళిని ఆటోలో దవాఖానకు తీసుకెళ్లింది, నేనూ వెనకాలే వెళ్లాను. చీటీ రాసే కిటికీ దగ్గర కుర్రాడు పేరూ వయసూ రాసుకుని, మీరీమెకు ఏమైతరు అని నళినిని అడిగాడు.

నళిని విజయమ్మ వైపు చూసింది. విజయమ్మ నళిని వైపు చూసింది. వెనక జనం తోసుకుంటున్నారు. కుర్రాడు కాసేపు ఆగి, తెలిసినోళ్లని రాస్త అని తనే రాసుకున్నాడు. చీటీ తీసుకుని, ఇద్దరూ వెళ్లి గోడ పక్కన బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్నారు.